పెద్ద రోడ్డు వచ్చింది, మన ఊరి దారి సంగతేమిటి?

(మన సంఘం సాంస్కృతిక సభలో యువతీయువకులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 

థింసా అయిపోయాక మాట్లాడమన్నారు. డప్పు, తుడుము, కిరిడి మోగిన చోట మైకు పట్టుకోవడం కష్టమే. అయినా ఈ రోజు మాట్లాడే విషయం మన కాళ్లకు సంబంధించినదే. రోడ్లు, రైళ్లు, వాటికి ప్రభుత్వాలు ఇచ్చే డబ్బు. సంస్కృతి సభలో రోడ్ల ముచ్చట ఎందుకని కొందరికి అనిపించవచ్చు. మన సంత దారి మీదే నడుస్తుంది. మన చుట్టరికాలు దారి మీదే నిలుస్తాయి. ఇటికల పండక్కి ఆడపిల్ల పుట్టింటికి రావాలన్నా దారి ఉండాలి. దారి ఎటు పడితే మన బతుకు అటు మళ్లుతుంది. అందుకే ఆ దారి ఎవరి డబ్బుతో పడుతోంది, ఎటు పడుతోంది, ఎక్కడ ఆగిపోతోంది అన్నది మన పిల్లలకు తెలియాలి.

మన చరిత్రలో రోడ్డు

మన్యంలో రోడ్డు కథ ఇప్పటిది కాదు. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు ఘాట్ రోడ్డు వేసేటప్పుడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన తాతల చేత వెట్టిచాకిరీ చేయించాడు. సరైన కూలి లేదు, అడిగితే దెబ్బలు. అడవి చట్టాలతో పోడు పోయి, రోడ్డు పనిలో ఒళ్లు హూనమై రగిలిన కోపమే అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, మల్లుదొరల వెనక నిలబడింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడితో మొదలైన ఆ పోరాటాన్ని పాఠ్యపుస్తకంలో చదువుతాం. కానీ అందులో రోడ్డు కూలీ పాత్ర ఎంతో చాలామంది గుర్తుపెట్టుకోరు.

ఆ రోడ్డు మన కోసం వేసింది కాదు. అడవి సరుకు కిందికి దింపడానికీ, పోలీసులు పైకి రావడానికీ వేసింది. ఆ మాట ఇప్పుడెందుకు చెబుతున్నామంటే, ఏ రోడ్డును చూసినా, ఏ రైలు పట్టాను చూసినా ముందుగా అడగాల్సిన ప్రశ్న అక్కడే ఉంది: ఇది ఎవరి అవసరానికి? ఎవరి అవసరానికి వేసినా మనం వాడుకోవచ్చు, తప్పులేదు. అయితే అడగడం మాత్రం మానకూడదు.

ఇనుప ఖనిజం దారి

కొత్తవలస–కిరండూల్ లైను సంగతి చూడండి. మనం కేకే లైను అంటాం. 1960వ దశకంలో బస్తర్‌లోని బైలదిల్లా కొండల నుంచి ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు, అక్కడి నుంచి జపాన్‌కు పంపడానికి వేసిన లైను అది. కొండలు తొలిచి 58 సొరంగాలు కట్టారు. మన సిమిలిగూడ స్టేషన్ సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. బ్రాడ్‌గేజ్ లైను మీద అంత ఎత్తున స్టేషన్ అంటే చిన్న విషయం కాదు. చదువుకునే పిల్లలు గర్వంగా చెప్పుకోవచ్చు.

ఆ లైను మనకు మేలు చేసింది కూడా. త్యాడ, చిమిడిపల్లి, బొర్రా, కరకవలస చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు విశాఖ వెళ్లాలన్నా, పెద్దాసుపత్రికి పోవాలన్నా, కొండచీపుర్లు, సీతాఫలాలు అమ్ముకోవాలన్నా చాలాకాలం ఆ పాసింజరే దిక్కు. ఇప్పటికీ చాలామందికి అదే దిక్కు. 2017లో అదే రైలుకు అద్దాల బోగీ తగిలించారు. టూరిస్టులు అందులో కూర్చుని మన కొండలను ఫొటోలు తీసుకుంటారు. తీసుకోనివ్వండి. మన అమ్మలు మాత్రం జనరల్ బోగీలో తలుపు దగ్గర మూటల మీద కూర్చుంటారు. ఒకే రైలు, ఒకే పట్టా, రెండు ప్రయాణాలు.

2015–16లో కొత్తవలస–కోరాపుట్ మధ్య రెండో లైను మంజూరైంది. ఒకే పట్టా మీద గూడ్సు బండ్లు ఎదురొస్తే పాసింజరు గంటల తరబడి స్టేషన్లో నిలబడాల్సి వస్తుంది. రెండో లైను పడితే ఆ బాధ తగ్గాలి. తగ్గుతుందా? అది మనం అడిగేదాన్ని బట్టి ఉంటుంది. కొత్త లైను మీద ఖనిజం బండ్లు రెట్టింపై, పాసింజర్లు పాత సంఖ్యలోనే ఉండిపోతే మన స్టేషన్లకు ఒరిగేది లేదు. అదనంగా ఒక ఉదయం బండి, ఒక సాయంత్రం బండి, చిన్న స్టేషన్లలో కూడా ఆగేలా కావాలని ఇప్పటినుంచే రాతపూర్వకంగా అడగాలి.

ఎవరిని అడగాలి? ఇది యువత తెలుసుకోవాల్సిన సంగతి. 2019 ఫిబ్రవరిలో విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్ ప్రకటించారు. 2025 జనవరి 8న దాని ప్రధాన కార్యాలయానికి ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. మన జోన్ వచ్చిందని అందరం సంతోషించాం. కానీ 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన విభజన చదివితే, పాత వాల్తేరు డివిజన్ రెండు ముక్కలైంది. సుమారు 410 కిలోమీటర్లు విశాఖపట్నం డివిజన్ పేరుతో కొత్త జోన్‌లో ఉంటుంది. సుమారు 680 కిలోమీటర్లు ఒడిశాలోని రాయగడ కేంద్రంగా తూర్పు కోస్తా రైల్వేలో కొత్త డివిజన్ అవుతుంది. కొత్తవలస–బచేలి మార్గం ఆ రెండో ముక్కలో ఉంది. అంటే అరకు స్టేషన్, బొర్రా స్టేషన్ రాయగడ వైపు. అరకు విశాఖతోనే ఉండాలని ఇక్కడ డిమాండ్ ఉంది. ఆ డిమాండ్ ఏమైనా కానివ్వండి, మన వినతిపత్రం ఏ ఆఫీసు గుమ్మానికి చేరాలో తెలియకపోతే అది చెత్తబుట్టలోకే పోతుంది. కాగితం పంపేముందు చిరునామా సరిచూసుకోండి.

మన కోయ బంధువుల వైపు ఇంకో లైను వస్తోంది. ఒడిశాలోని మల్కన్‌గిరి నుంచి భద్రాచలం మీదుగా భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పాండురంగాపురం దాకా 173.61 కిలోమీటర్ల కొత్త లైను. దాన్ని కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన తేదీ 2024 ఆగస్టు 9. ఆ రోజు ప్రపంచ ఆదివాసీ దినోత్సవం. కావాలని ఆ రోజే పెట్టారని మనం అనడం లేదు. తేదీ మాత్రం గుర్తుపెట్టుకోవడానికి బాగుంది. ఆ రోజు ఒకేసారి ఎనిమిది లైన్లకు ఆమోదం ఇచ్చారు, మొత్తం అంచనా 24,657 కోట్ల రూపాయలు.

పెద్ద రోడ్డు

ఇక రోడ్డు. జాతీయ రహదారి 516–ఇ. రాజమహేంద్రవరం దగ్గర మొదలై రంపచోడవరం, కొయ్యూరు, లంబసింగి, పాడేరు, అరకు, బౌడార మీదుగా విజయనగరం చేరుతుంది. సుమారు 400 కిలోమీటర్లు. మన్యాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా కలిపే దారి. పాత మలుపులు విస్తరించి, వంతెనలు కట్టి, ప్యాకేజీలుగా పని చేస్తున్నారు. ఆ రోడ్డు పూర్తయిన చోట్ల బస్సు ప్రయాణం తేలికైంది. 108 త్వరగా వస్తోంది. కాఫీ, మిరియాలు, పసుపు, రాజ్మా దింపుకునే ఖర్చు తగ్గుతోంది. ఇది మంచి. మంచిని మంచి అనాలి.

చింతూరు వైపు 30వ నంబరు జాతీయ రహదారి ఉంది. బస్తర్ నుంచి భద్రాచలం, కొత్తగూడెం మీదుగా విజయవాడ వైపు పోతుంది. సాలూరు వైపు రాయపూర్–విశాఖ ఆరు వరుసల కొత్త రహదారి, 464 కిలోమీటర్లు, మూడు రాష్ట్రాల మీదుగా వేస్తున్నారు. దీని తరహా వేరు. పక్క ఊళ్లవాళ్లు ఎక్కడంటే అక్కడ ఎక్కే రోడ్డు కాదది. నిర్ణయించిన చోట్ల మాత్రమే ఎక్కాలి, దిగాలి. పొలం ఒక పక్క, ఊరు ఇంకో పక్క పడితే కింద నుంచి దాటే దారి ఉండాలి. పశువులు తోలుకెళ్లాలి, పిల్లలు బడికి పోవాలి. ఆ దారి ఎక్కడ పెడతారని అడగాల్సింది కట్టకముందే. కట్టాక అడిగితే కాంక్రీటు జరగదు.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది

పేపర్లో ‘వేల కోట్లు’ అని హెడ్డింగు పడగానే మన ఊరికి రోడ్డు వచ్చేసిందనుకుంటాం. కోట్లు ఏ మూటలో ఉన్నాయో చూడాలి. మూడు మూటలున్నాయి.

ఒకటి జాతీయ రహదారుల మూట. కేంద్ర రోడ్డు రవాణా, హైవేల శాఖది. 2025–26 బడ్జెట్‌లో ఆ శాఖకు సుమారు 2.87 లక్షల కోట్లు పెట్టారు. మనం బండిలో పెట్రోలు, డీజిలు పోయించుకున్నప్పుడు కట్టే సెస్సు కూడా రోడ్ల నిధికి పోతుంది. కాబట్టి సంతకు పోయే జీపు టికెట్లో కూడా కొంత రోడ్డు డబ్బు ఉంది. ఎవరో దయతో ఇస్తున్నారని తల వంచుకోనక్కర్లేదు.

రెండోది రైల్వే మూట. 2017 నుంచి రైల్వేకు వేరే బడ్జెట్ లేదు, సాధారణ బడ్జెట్‌లోనే కలిపేశారు. 2025–26లో ఆంధ్రప్రదేశ్‌కు 9,417 కోట్లు కేటాయించామని రైల్వే శాఖ చెప్పింది. అది రాష్ట్రం మొత్తానికి, కోస్తా లైన్లు, పెద్ద జంక్షన్లు అన్నీ కలిపి. ఏ లైనుకు ఎంత ఇచ్చారో చూడాలంటే ‘పింక్ బుక్’ అని ఒకటి ఉంటుంది. ప్రతి ఏడూ బడ్జెట్ తర్వాత రైల్వే వెబ్‌సైట్లో పెడతారు. అందులో ఒక్కో పని పేరు, దాని మొత్తం అంచనా, ఆ ఏడాది ఇచ్చినది వరసగా ఉంటాయి. ఏదైనా పనికి వేల కోట్ల అంచనా ఉండి, ఆ ఏడాది ఇచ్చింది నామమాత్రం అయితే, ఆ పని ఆ ఏడాది కదలదని అర్థం. డిగ్రీ చదివే పిల్లలు ఒక గంట కూర్చుంటే చదివేయగలరు.

మూడోది ఊరి దారుల మూట. మనకు ముఖ్యమైనది ఇదే. 2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన, 2023 నవంబరు 15న మొదలైన పీఎం జన్‌మన్, రాష్ట్రం 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగుడ మండలం పెదపాడులో ప్రారంభించిన ‘అడవితల్లి బాట’ ఈ మూటలోవి. అడవితల్లి బాటకు సుమారు 1,005 కోట్లు, వెయ్యి కిలోమీటర్లకు పైగా రోడ్లు అని ప్రకటించారు. జన్‌మన్ మన ఖోండు, గదబ, పోర్జ, కొండరెడ్డి, సవర, చెంచు లాంటి అత్యంత వెనుకబడిన తెగల కోసం. దేశం మొత్తం మీద 8,000 కిలోమీటర్ల రోడ్లు దాని లక్ష్యం. ఈ రోడ్ల ఖర్చులో కేంద్రం 60 పాళ్లు, రాష్ట్రం 40 పాళ్లు పెట్టుకోవాలి. రాష్ట్రం వాటా ఆలస్యమైతే బిల్లులు ఆగుతాయి. బిల్లు ఆగితే కాంట్రాక్టరు జేసీబీ దింపుకుని వెళ్లిపోతాడు. సగం తవ్విన దారి వర్షానికి గెడ్డలో కలుస్తుంది. పని ఎందుకు ఆగిందని అడిగినప్పుడు ‘మెటీరియల్ రాలేదు’ అంటే ఊరుకోకండి. బిల్లు ఎక్కడ ఆగిందో అడగండి.

ఇంకో సంగతి. కేంద్ర బడ్జెట్ పత్రాల్లో 10–బి అనే పట్టిక ఉంటుంది. షెడ్యూల్డు తెగల సంక్షేమానికి ఏ శాఖ ఎంత ఖర్చు చూపిస్తోందో అందులో ఉంటుంది. అందులో రోడ్డు రవాణా, హైవేల శాఖ కూడా ఉంటుంది. అంటే జాతీయ రహదారుల ఖర్చులో కొంత మన పేరు మీద రాస్తున్నారు. రాష్ట్రంలో కూడా 2013 నాటి ఉపప్రణాళిక చట్టం ఉంది. 2023లో దాన్ని మరో పదేళ్లు పొడిగించారు. విడదీయలేని పెద్ద పనుల్లో కొంత భాగాన్ని గిరిజన ఉపప్రణాళిక ఖాతాలో చూపడానికి ఆ చట్టంలోనే వీలుంది. చట్టప్రకారమే కావచ్చు. అయినా మన పేరు మీద ఖర్చు రాసినప్పుడు, ఆ రోడ్డు నుంచి మన ఊరికి ఎంత దూరం అని అడిగే హక్కు మనకు వస్తుంది. అది గట్టిగా అడగాలి.

చివరి మూడు కిలోమీటర్లు

హైవే మీద కారు వంద స్పీడులో పోతుంది. అక్కడి నుంచి కొండ మీది ఊరికి మూడు కిలోమీటర్లు. ఆ మూడు కిలోమీటర్లు ఇప్పటికీ డోలీయే. నిండుచూలాలిని దుప్పటిలో వేసి, కర్రకు కట్టి, నలుగురు మోసుకొస్తున్న వార్త ప్రతి వానాకాలం చదువుతున్నాం. ఆస్పత్రి దగ్గర గర్భిణుల వసతి గృహాలు పెట్టారు, బైకు అంబులెన్సులు పెట్టారు. అవి పనికొస్తున్నాయి. దారికి బదులు మాత్రం కాలేవు.

హాస్టళ్లలో పనిచేసేవాళ్లం ఈ మూడు కిలోమీటర్లను వేరే చోట చూస్తుంటాం, హాజరు పట్టీలో. దసరా, సంక్రాంతి సెలవులకు పిల్లల్ని పంపేటప్పుడు ఎవరు ఎక్కడ జీపు దిగాలి, ఎవరి దారిలో ఎన్ని గెడ్డలున్నాయి, ఎవరికి తోడు ఎవరు అని రాసుకుంటాం. సెలవులు అయిపోతాయి. రోడ్డు పక్క ఊళ్ల పిల్లలు మర్నాడే వస్తారు. గెడ్డ అవతలి పిల్లలు వారానికి వస్తారు, పది రోజులకు వస్తారు. ఆడపిల్లలైతే కొందరు రానే రారు. రిజిస్టరులో ‘గైర్హాజరు’ అని పడుతుంది. గెడ్డ పొంగిందని పడదు. పదో తరగతి ఫలితాలు వచ్చాక ‘గిరిజన పిల్లలు వెనకబడ్డారు’ అని రాస్తారు. పిల్లలు వెనకబడలేదు, దారి వెనకబడింది.

ఆ మూడు కిలోమీటర్లు ఎందుకు పడవు? రెండు కారణాలు ముఖ్యం. ఒకటి జనాభా లెక్క. గ్రామ సడక్ యోజనలో మైదానంలో 500 మంది, మనలాంటి షెడ్యూల్డు ప్రాంతాల్లో 250 మంది ఉన్న ఆవాసానికి రోడ్డు. నక్సల్ ప్రభావిత జిల్లాల్లో 100. 2024 సెప్టెంబరులో ఆమోదించిన నాలుగో దశలో 25,000 ఆవాసాలకు, 62,500 కిలోమీటర్ల రోడ్లకు 70,125 కోట్లు పెట్టారు. కానీ దానికి ఆధారం 2011 జనాభా లెక్కలు. మన కొండల మీద నలభై మంది, అరవై మంది ఉండే శివారు ఊళ్లెన్నో. కొన్నింటి పేరు ఆ లెక్కల్లో పక్క ఊరిలో కలిసిపోయింది. కాగితం మీద ఊరే లేకపోతే ఆ ఊరికి రోడ్డెలా వస్తుంది? 2027 జనగణన ముంగిట ఉన్నాం. లెక్కలవాళ్లు వచ్చే రోజుల్లో మన పిల్లలు ఊళ్లో ఉండి, ప్రతి శివారు ఊరి పేరు విడిగా రాయించాలి. వలస పోయినవాళ్ల సంగతి చెప్పాలి. రేపు రోడ్డు, బడి, అంగన్‌వాడీ అన్నీ ఆ అంకె మీదే నిలబడతాయి.

రెండో కారణం అటవీ అనుమతి. ‘ఫారెస్టు క్లియరెన్సు లేదు’ అనే మాట వినని ఊరు మన్యంలో లేదు. 2006 అటవీ హక్కుల చట్టం మూడో సెక్షన్ రెండో ఉపసెక్షన్ చదవండి. బడి, అంగన్‌వాడీ, తాగునీరు, రోడ్డు వంటి 13 రకాల ఊరి అవసరాలకు ఒక్కో పనికి హెక్టారు లోపు అటవీభూమిని, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకుండా, గ్రామసభ సిఫారసుతో ఇవ్వవచ్చు. లెక్క వేద్దాం. హెక్టారంటే పదివేల చదరపు మీటర్లు. నాలుగు మీటర్ల వెడల్పు దారి వేస్తే రెండున్నర కిలోమీటర్లు వస్తుంది. మన చివరి దారులు చాలావాటికి అది దాదాపు సరిపోతుంది. ఢిల్లీ దాకా ఫైలు పోనక్కర్లేదు. గ్రామసభ తీర్మానం మాత్రం ఉండాలి. అది ఊరి చేతిలోని పని.

భూమి, పట్టా, పరిహారం

పెద్ద రోడ్డుకు, రైలుకు భూమి పోతుంది. 1996 పీసా చట్టం ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో భూసేకరణకు ముందు గ్రామసభతోనో, తగిన స్థాయి పంచాయతీతోనో సంప్రదించాలి. జాతీయ రహదారుల చట్టం కింద భూమి తీసుకునేటప్పుడు నోటిఫికేషన్ వస్తుంది. రెండు పత్రికల్లో వేయాలి, అందులో ఒకటి స్థానిక భాషలో ఉండాలి. ఆ నోటిఫికేషన్ వచ్చిన 21 రోజుల్లో అభ్యంతరం రాసివ్వాలి. 21 రోజులంటే మూడు సంతలు. ఈ మూడు సంతల్లో కాగితం రాకపోతే తర్వాత ఏడ్చినా వినేవాళ్లు తక్కువ. 2013 భూసేకరణ చట్టంలోని పరిహారం, పునరావాసం లెక్కలు జాతీయ రహదారులకు, రైల్వేకు కూడా వర్తిస్తాయి. ఆ చట్టంలో భూయజమాని అంటే రిజిస్టర్ పట్టా ఉన్నవాళ్లే కాదు, అటవీ హక్కుల పట్టా పొందినవాళ్లు కూడా. ‘పోడు పట్టాకు డబ్బు రాదు’ అని ఎవరైనా అంటే ఆ మాట రాసివ్వమనండి. కాఫీ మొక్క, మిరియం తీగ, పనస చెట్టు, చింత చెట్టు లెక్కపెట్టి రాయించండి. కొలిచేటప్పుడు ఇంట్లో ఒకరు పక్కన ఉండాలి. ఫొటో తీసి పెట్టుకోవాలి.

రోడ్డు పడ్డాక పక్క భూమికి కళ్లు పడతాయి. కొండమీద రిసార్టులు, హోటళ్లు పెట్టేవాళ్లు వస్తారు. 1/70 చట్టం ఉంది కాబట్టి గిరిజనేతరుల పేరు మీద కొనలేరు. అందుకని మన పేరు అడుగుతారు. ‘సంతకం నీది, పెట్టుబడి నాది’ అంటారు. ఆ సంతకం మీ పిల్లల భూమిని తీసుకుపోతుంది. పెట్టకండి. హోమ్‌స్టే పెట్టుకోవాలనుంటే మన ఇల్లు, మన వంట, మన పేరుతో మనమే పెట్టుకుందాం.

మగపిల్లలకు ఒక మాట

రోడ్డు బాగుపడ్డాక రెండు ప్రమాదాలు పెరిగాయి. ఒకటి బండి వేగం. హెల్మెట్ లేకుండా ముగ్గురెక్కి ఘాట్ దిగే పిల్లల్ని రోజూ చూస్తున్నాం. ఇంటికి ఒక్కడే కొడుకు ఉంటాడు. రెండోది గంజాయి. ‘ఈ బ్యాగు కింద దాకా పట్టుకెళ్లు, ఐదు వేలిస్తాం’ అంటారు. డబ్బున్నవాడు ఫోనులో ఉంటాడు, దొరికేది మన పిల్లవాడు. 20 కిలోలు దాటితే పది నుంచి ఇరవై ఏళ్ల కఠిన జైలు, లక్ష రూపాయలకు తక్కువ కాని జరిమానా. బెయిలు కూడా తేలిగ్గా రాదు. ఐటీఐ చదివే వయసులో లోపలికి పోయి, పెళ్లి వయసు దాటి బయటికి వచ్చేవాళ్లు అవుతారు. కోట్లు పోసి వేసిన రోడ్డు మన పిల్లల్ని కాలేజీకి తీసుకెళ్లాలి. జైలుకు తీసుకెళ్లకూడదు.

మనం చేయగలిగింది

ఇప్పుడు పనిమాట. పెద్ద ఉపన్యాసాలు వద్దు, ప్రతి ఊళ్లో ఇద్దరు ముగ్గురు కలిసి ఇవి చేయండి.

ఒక నోటుబుక్కు పెట్టండి. మీ పంచాయతీలోని ప్రతి శివారు ఊరు పేరు, ఇళ్లు, మనుషులు, తారురోడ్డుకు దూరం, దారిలో గెడ్డలు, పోయిన వానాకాలం ఎన్ని రోజులు దారి ఆగింది, ఎన్నిసార్లు డోలీ కట్టారు రాయండి. చిన్న ఊళ్లు దగ్గర దగ్గరగా ఉంటే వాటిని కలిపి లెక్కించే వీలు పథకంలో ఉంది, ఆ వివరం కూడా రాయండి. గ్రామసభలో చదివించి తీర్మానం చేయించండి. తీర్మానం నకలు మీ దగ్గర ఉంచుకుని ఐటీడీఏకు, పంచాయతీరాజ్ ఇంజినీర్లకు ఇవ్వండి. అందినట్టు ముద్ర వేయించుకోవడం మర్చిపోవద్దు.

పని మొదలయ్యాక బోర్డు చూడండి. గ్రామ సడక్ రోడ్డు దగ్గర పొడవు, ఖర్చు, కాంట్రాక్టరు, తేదీలు రాసిన బోర్డు ఉండాలి. వేసిన ఐదేళ్ల దాకా నిర్వహణ ఆ కాంట్రాక్టరుదే. గుంట పడితే ఫొటో తీసి ‘మేరీ సడక్’ యాప్‌లో పెట్టండి. బోర్డే లేకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. మన రాష్ట్రంలో గ్రామస్థాయి ఆఫీసులో ఫీజు లేదు, మండలంలో ఐదు రూపాయలు, పైన పది. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి.

ఆ పనుల్లో ఉద్యోగాలు కూడా మనవి కావాలి. రోడ్డు పడేటప్పుడు మనకు తట్ట, పార మాత్రమే దొరకడం బాస్టియన్ కాలం మాట. సర్వేయరు, ల్యాబ్ టెక్నీషియన్, జూనియర్ ఇంజినీరు, లోకో పైలట్, ట్రాక్ మెయింటెయినర్ ఈ పేర్లు మన ఇళ్లలో వినబడాలి. కేంద్ర ఉద్యోగాల్లో ఎస్టీలకు ఏడున్నర శాతం రిజర్వేషన్, వయసులో ఐదేళ్ల సడలింపు ఉన్నాయి. రైల్వే పరీక్ష తెలుగులో రాయవచ్చు. పరీక్షకు వెళ్లే ఎస్టీ అభ్యర్థులకు స్లీపర్ క్లాసులో ఉచిత ప్రయాణ పాసు ఇస్తారు. దరఖాస్తులోనే ఆ గడి నింపాలి. కుల ధ్రువీకరణ పత్రం చివరి రోజు దాకా ఆగకుండా ముందే తీసిపెట్టుకోవాలి.

చివరిగా మన సంఘం పని. హైవే బోర్డుల మీద మన ఊళ్ల పేర్లు వంకరగా రాస్తున్నారు. పుట్టు, గూడ, వలస, పాడు అన్న మాటల్లో మన పెద్దల జాడ ఉంది. ఊరి పేరు సరిగా పలికే పెద్దవాళ్లు ఉండగానే రాసిపెట్టుకుని, దిద్దించమని ఉత్తరం ఇద్దాం. రోడ్డు కొండను తొలిస్తే తొలవనివ్వండి, పేరును మాత్రం తొలవనివ్వొద్దు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మన తాతలు కొరడా కింద రోడ్డు వేశారు. మన నాన్నలు పట్టా పక్కన నిలబడి ఖనిజం బండి పోవడం చూశారు. మీరు బడ్జెట్ కాగితం చదివి, గ్రామసభలో లేచి నిలబడి, ‘మా ఊరికి ఇంకా మూడు కిలోమీటర్లుంది’ అని చెప్పే తరం. వచ్చే గ్రామసభ ఎప్పుడో ఇవాళే మీ సర్పంచిని అడిగి తెలుసుకోండి.

జై ఆదివాసీ! సెలవు.